తొట్టెలో జెర్రి: ఎలకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్న కథ

మొన్న శుక్రవారం రాత్రి పదకొండు దాటాక ఫోను మోగింది. మా పాత టీమ్‌లో పనిచేసిన కుర్రాడు. ఈ టైములో వీడి ఫోనంటే ప్రొడక్షన్‌లో ఏదో పడిపోయుంటుంది అనుకుంటూ ఎత్తాను.

"అన్నా, ట్యాంకులో జెర్రి ఉందన్నా!"

"ఏ ట్యాంకులో?"

"చేపల ట్యాంకులో అన్నా, సాల్ట్ వాటర్‌ది. లైట్లన్నీ ఆర్పేసి టార్చి వేసి చూశా. రాళ్ళ సందుల్లోంచి గులాబీ రంగులో, పక్కలంతా తెల్లటి నూగుతో పాక్కుంటూ వస్తున్నాయి. ఒకటీ రెండూ కాదు, డజన్లున్నాయి. రాళ్ళన్నీ బయటికి తీసి మరిగే నీళ్ళలో పడేద్దామా?"

"ఆగు తమ్ముడూ. ఏదీ తియ్యకు, ఏదీ మరిగించకు. పొద్దున మాట్లాడదాం."

వాడు పడుకున్నాడో లేదో గానీ నాకు మాత్రం నిద్ర పట్టలేదు. ఎందుకంటే 2008లో డాలస్ దగ్గర అపార్ట్‌మెంట్‌లో ఉన్నప్పుడు నేనూ సరిగ్గా ఇదే దృశ్యం చూశాను. చూసి, "ఆగు" అని చెప్పే అన్న లేక, చెయ్యకూడని పని చేశాను.

అప్పట్లో నా దగ్గర 55 గ్యాలన్ల రీఫ్ ట్యాంకు ఉండేది. రెండు క్లౌన్ ఫిష్‌లు, కాసిని మెత్తటి కోరల్స్, ముప్ఫై కిలోల దాకా లైవ్ రాక్. రాత్రి టార్చి వెలుగులో పురుగుల్ని చూసి ఒళ్ళు జలదరించింది. షాపువాడిని అడిగితే "అవి కోరల్స్‌ని తినేస్తాయి, వదిలించుకో" అన్నాడు. ఎక్కడో చదివి ఫెన్‌బెండజోల్ తెచ్చాను. ఏదో కొత్త మందు అనుకునేరు, మన ఊళ్ళో పశువులకీ మేకలకీ పట్టే నట్టల మందే అది. కొలిచి మరీ వేశాను. పని చేసింది. బ్రహ్మాండంగా పని చేసింది! పొద్దున్నే లేచి చూస్తే ఇసక మీద పురుగులు వానపాముల్లా పడున్నాయి. వాటిని ఏరి పారేసి, గెలిచానన్న ధీమాతో ఆఫీసుకి వెళ్ళాను.

నేను చూసినవి పైకొచ్చి చచ్చినవి మాత్రమే. రాళ్ళ లోపల చచ్చినవి ఎన్నో నాకు తెలీదు. సాయంత్రానికి నీళ్ళు పాలలా అయ్యాయి. మర్నాటికి అమ్మోనియా టెస్టు ముదురాకుపచ్చ రంగు చూపించింది. మూడోరోజు పొద్దున మా నాలుగేళ్ళ అమ్మాయి ట్యాంకు ముందు నిలబడి "నాన్నా, చేపలేవీ?" అని అడిగింది. ఇల్లంతా చేపల మార్కెట్ కంపు. మా ఆవిడ కిటికీలన్నీ తీసి, నన్నేమీ అనలేదు. అదే ఎక్కువ బాధనిపించింది.

ఎలకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడం అని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. ఆ తర్వాత కొన్నేళ్ళపాటు ఈ పురుగు గురించీ, ఈ గాజుతొట్టెల చరిత్ర గురించీ దొరికింది దొరికినట్టు చదివాను. నేను చేసిన తప్పు నా ఒక్కడిదే కాదనీ, ఈ హాబీ పుట్టినప్పటినుంచీ తరతరానా ఎవరో ఒకరు దాన్నే చేస్తూ వచ్చారనీ అప్పుడు అర్థమయింది. ఆ చరిత్రే ఈ టపా.

*

ముందు, తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. రీఫ్ ట్యాంకంటే మామూలు గోల్డ్ ఫిష్ తొట్టె కాదు. ఉప్పునీళ్ళు, బతికున్న పగడాలు, బలమైన లైట్లు, నీళ్ళని అటూ ఇటూ తోసే పంపులు ఉంటాయి. లైవ్ రాక్ అంటే రాయి బతికుందని కాదు. పాత పగడపు దిబ్బల నుంచి విరిగిన, చిల్లులు పడిన సున్నపు రాయి అది. ఆ చిల్లుల నిండా బాక్టీరియా, నాచు, స్పాంజీలు, చిన్న చిన్న రొయ్య జాతులు, పురుగులు కాపురముంటాయి. చేపల విసర్జన నుంచి వచ్చే అమ్మోనియాని నైట్రేట్‌గా మార్చేది ఆ రాళ్ళలోని బాక్టీరియానే. అంటే ట్యాంకుకి అసలైన ఫిల్టర్ ఆ రాయే.

ఆ రాయితో పాటు టిక్కెట్టు కొనకుండా ఎక్కి వచ్చే ప్రయాణికుడే బ్రిసిల్ వార్మ్. జీవశాస్త్రంలో వీటిది పాలీకీటా వర్గం. గ్రీకులో "చాలా వెంట్రుకలు" అని అర్థం. ఆ పేరు పెట్టినవాడు జర్మన్ శాస్త్రవేత్త గ్రూబె, 1850లో. మన వానపాముకి దూరపు చుట్టాలే. ఇప్పటివరకూ వర్ణించిన జాతులే పదివేలకి పైన ఉన్నాయి. ఈ పదివేలు అన్న అంకె గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. ట్యాంకుల్లో ఎక్కువగా కనబడేవి యూరితో జాతులూ, వాటి దగ్గర బంధువులూ. పగలంతా రాళ్ళలో దాక్కుని, రాత్రి బయటికి వచ్చి, చేపలు వదిలేసిన మేతా, రెట్టా, చచ్చిన జీవాలూ తింటాయి. మన భాషలో చెప్పాలంటే ట్యాంకుకి గార్బేజ్ కలెక్టర్. బ్యాక్‌గ్రౌండ్‌లో నడుస్తూనే ఉంటుంది, ఎవడూ పట్టించుకోడు, ఆపేస్తే మాత్రం మెమరీ నిండిపోయి మొత్తం కూలబడుతుంది.

*

చరిత్రకొద్దాం. సముద్రజీవుల్ని గాజుతొట్టెలో పెట్టి బతికించి చూడాలన్న ఆలోచనకి ఆద్యురాలు ఒక ఫ్రెంచి మహిళ, జాన్ విల్‌ప్రూ-పవర్. సిసిలీ ద్వీపంలోని మెస్సీనాలో ఉంటూ 1832లో ఆర్గొనాట్ అనే నత్తజాతి ఆక్టోపస్‌ని పరిశీలించడానికి గాజుతొట్టెలు చేయించింది. పగడాల్ని ఇంట్లో పెంచింది ఇంకొక ఆవిడ, లండన్‌లోని ఆనా థిన్. 1846లో ఇంగ్లండ్ తీరం నుంచి చిన్న పగడాల్ని తెచ్చి మూడేళ్ళ దాకా బతికించింది. పంపులు లేని కాలం కదా, నీళ్ళలో గాలి కలవడానికి రోజూ కిటికీ దగ్గర నిలబడి ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి నీళ్ళు పోయించేది. పోసింది ఆవిడ కాదు, పనిమనిషి! చరిత్రలో ఆ పనిమనిషి పేరు లేదు. ప్రపంచంలో మొదటి ప్రోటీన్ స్కిమ్మర్ ఆవిడే అని నా అభిప్రాయం.

1850లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త చేపలు, మొక్కలు, నత్తలు కలిపి ఒక తొట్టెలో సమతూకం ఎలా నిలుస్తుందో రాశాడు. ఇక్కడొక విషయం గమనించండి. మొదట చేపలూ మొక్కలూ మాత్రమే పెడితే కుళ్ళిన ఆకులతో నీళ్ళు పాడయ్యాయి. ఆ కుళ్ళు తినే నత్తల్ని చేర్చాకే లెక్క సరిపోయింది. అంటే అక్వేరియం అన్న ఆలోచన పుట్టినప్పుడే చెత్త తినే జీవి దాని డిజైన్‌లో భాగం. తర్వాతి తరాలు ఆ కాంపొనెంట్‌ని మర్చిపోయాయి, అంతే.

1853లో లండన్ జూలో "ఫిష్ హౌస్" తెరిచారు. ఆ మరుసటి ఏడు ఫిలిప్ హెన్రీ గాస్ రాసిన పుస్తకంతో అక్వేరియం అన్న మాట ఇంటింటికీ చేరింది. ఇక చూడండి, ఇంగ్లండ్‌లో మధ్యతరగతి ఇళ్ళన్నిట్లోనూ తొట్టెలు! జనం సుత్తులూ ఉలులూ బకెట్లూ పట్టుకుని సముద్రతీరాలకి ఎగబడ్డారు. కొన్నేళ్ళలోనే ఆ మోజు చప్పబడింది. నీళ్ళు వేడెక్కడం, మురగడం, జీవాలు చావడం. తీరాలు మాత్రం బోసిపోయాయి. తండ్రి రాసిన పుస్తకాల వల్లే ఆ రాతి గుంటలన్నీ ఖాళీ అయిపోయాయని గాస్ కొడుకు ఎడ్మండ్ 1907లో తన జ్ఞాపకాల పుస్తకంలో బాధపడ్డాడు. ప్రేమతో చేసిన పని కూడా ప్రేమించినదాన్నే తుడిచిపెట్టగలదని ఈ హాబీ నేర్చిన మొదటి పాఠం అది.

*

ఇరవయ్యో శతాబ్దం మధ్యలో అమెరికాలో ఉప్పునీటి అక్వేరియం మళ్ళీ లేచింది. ఈసారి మంత్రం "పరిశుభ్రత". అడుగున కంకర, దాని కింద ప్లాస్టిక్ ఫిల్టరు పలక, అలంకారానికి చచ్చిన పగడాల తెల్లటి ఎముకలు. నాచు పట్టగానే ఆ ఎముకల్ని తీసి బ్లీచులో కడిగి మళ్ళీ పెట్టేవాళ్ళు. చేపలకి జబ్బు చేస్తే రాగి మందు. రాగి తగిలితే చేప మీది పరాన్నజీవులు చస్తాయి, వాటితో పాటు రొయ్యలూ నత్తలూ పురుగులూ పగడాలూ అన్నీ చస్తాయి. అక్కడ బతికేది చేప ఒక్కటే, అది కూడా కొద్దిరోజులే. ఆపరేషన్ థియేటర్‌లో కాపురం పెట్టినట్టు ఉండేది.

1961లో జకార్తా నుంచి లీ చిన్ ఎంగ్ అనే ఆయన ఒక అమెరికన్ చేపల పత్రికలో వ్యాసం రాశాడు. ఆయన పద్ధతి వింటే నవ్వొస్తుంది, అంత సింపుల్. సముద్రంలోంచి తెచ్చిన రాయి, ఇసక, సముద్రపు నీళ్ళు, మంచి వెలుతురు, బుడగలు వదిలే ఒక గొట్టం. అంతే, ఫిల్టరే లేదు. ఆయన తొట్టెల్లో పగడాలు, ఆనిమోన్లు హాయిగా బతికాయి. జకార్తాలో ఆయనకి సముద్రం పక్కనే ఉంది, షికాగోలో కూర్చున్నవాడికి ఆ రాయెక్కడ దొరుకుతుంది? అందుకని ఆయన మాట చాలామంది పక్కన పెట్టేశారు. తర్వాత ఇరవై ఏళ్ళలో జర్మనీలో పీటర్ విల్కెన్స్, డీట్రిచ్ స్టూబర్ లాంటివాళ్ళు లైవ్ రాక్‌కి ప్రోటీన్ స్కిమ్మర్, సున్నపు తేట కలిపి "బెర్లిన్ పద్ధతి" అన్నదాన్ని నిలబెట్టారు. 1986లో జార్జ్ స్మిట్ అమెరికన్ పత్రికలో రాసిన వ్యాసాలతో మినీ రీఫ్ అన్న మాట అక్కడా అంటుకుంది. విమానాల్లో లైవ్ రాక్ దిగుమతి మొదలయింది.

రాయితో పాటు పురుగు కూడా దిగింది. పరిశుభ్రత మంత్రం మీద పెరిగిన ఆ తరం దాన్ని చూసి హడలిపోయింది.

పురుగు మీద కేసు ఎలా నడిచిందో చూడండి. రాత్రిపూట టార్చి వేస్తే చస్తున్న కోరల్ మీద పురుగు కనబడింది. కాబట్టి పురుగే చంపింది! సాక్ష్యం అంతే. చచ్చిన గొడ్డు మీద రాబందు వాలితే రాబందే గొడ్డుని చంపిందని మన ఊళ్ళో ఎవడైనా అంటాడా? కానీ నీళ్ళలో జరిగితే అలాగే అనిపిస్తుంది. కోరల్ జబ్బుపడిందో, లైటు సరిపోలేదో, నీళ్ళు పాడయ్యాయో, అసలు కారణం కంటికి కనబడదు. కనబడేది పురుగొక్కటే. శిక్ష దానికే పడింది.

ప్లాస్టిక్ బోనులు వచ్చాయి, లోపల రొయ్యముక్క ఎర. కొత్త రాయిని ఉప్పు బాగా ఎక్కువ కలిపిన నీళ్ళలో ముంచితే పురుగులు బయటికి ఉరికొస్తాయన్నారు. పురుగుల్ని తింటాయని బాణం పీతనీ, ఆరుగీతల వ్రాస్‌నీ కొనిపించారు. తింటాయి, నిజమే. కానీ బాణం పీత పురుగుల్ని తిన్నాక కడుపు నిండలేదని మిగతా చిన్న జీవాల మీద పడుతుంది, పెద్దదయ్యాక చిన్న చేపల మీద కూడా. ఆరుగీతల వ్రాస్ తర్వాత వచ్చిన ప్రతి కొత్త చేపనీ తరిమి తరిమి కొడుతుంది. ఒక బగ్గు తియ్యడానికి వేసిన ప్యాచ్ ఇంకో మూడు బగ్గులు తేవడం మనకి కొత్తా?

*

పురుగు తరఫున వకాల్తా పుచ్చుకున్నవాళ్ళు 1990ల్లో గట్టిగా మాట్లాడటం మొదలుపెట్టారు. వాళ్ళలో ముఖ్యుడు రాన్ షిమెక్. హాబీవాడు కాదు, వెన్నెముక లేని జీవాల మీద డాక్టరేట్ చేసిన శాస్త్రవేత్త. ఆయనా, రాబ్ టూనెన్ లాంటి మరికొందరూ చెప్పింది ఒకటే. ట్యాంకుల్లో కనబడే బ్రిసిల్ వార్ముల్లో అత్యధికం హాని చెయ్యవు సరికదా, అవి లేకపోతే రాళ్ళ సందుల్లోకీ ఇసక లోపలికీ వెళ్ళి చెత్త తీసేవాడు ఇంకొకడు లేడు. ఇసకని తిరగేస్తాయి, లోపలికి ఆక్సిజన్ వెళ్ళేలా చేస్తాయి, పెద్ద ముక్కని తిని బాక్టీరియాకి అందే చిన్న ముక్కగా మారుస్తాయి.

వింటుంటే మన వానపాము కథలా లేదూ? అది కూడా ఒకప్పుడు తోటమాలుల శత్రువే, పచ్చిక పాడుచేస్తుందని. 1881లో డార్విన్ తన ఆఖరి పుస్తకం వానపాముల మీద రాసి, నేలని గుల్ల చేసేదీ సారం చేసేదీ అదే అని లెక్కలతో చూపించాడు. ఇదే డార్విన్ 1842లో పగడపు దీవులు ఎలా ఏర్పడతాయో చెప్పిన పుస్తకం కూడా రాశాడు. పగడాల గురించీ పురుగుల గురించీ రాసిన ఆయన పగడాల్లోని పురుగుల్ని కూడా చూసుకుని ఉంటే షిమెక్‌కి వందేళ్ళ పని తప్పేదేమో.

అసలు కీలకం ఇంకొకటుంది. పురుగులు వాటంతట అవి వందలు కావు. తిండి ఎంతుంటే అంతే పెరుగుతాయి. డజన్ల కొద్దీ పురుగులు కనబడ్డాయంటే డజన్ల పురుగులకి సరిపడా మేత మీరు అదనంగా వేస్తున్నారని అర్థం. పురుగుల లెక్క అనేది ట్యాంకు రాసే లాగ్ ఫైల్. 2008లో నేను చేసిందేమిటి? లాగ్‌లో ఎర్రర్లు ఎక్కువున్నాయని లాగ్ ఫైల్ డిలీట్ చేశాను, అది కూడా రూట్ పర్మిషన్‌తో.

*

ఇక్కడితో ఆపేస్తే "పురుగు మంచిది" అని చెప్పి చేతులు దులుపుకున్నట్టే. అది కూడా సోమరి తీర్పే. పదివేల జాతులన్నాను కదా, అందరూ సాధువులు కారు.

1766లో పీటర్ సైమన్ పలాస్ అనే పాతికేళ్ళ జర్మన్ కుర్రాడు రెండు పురుగుల్ని వర్ణించాడు. ఒకటి, మన ట్యాంకుల్లో కనబడే యూరితో కాంప్లనాటా. రెండోది హెర్మొడీస్ కారంక్యులాటా, అంటే గడ్డంలా గుబురుగా ఎర్రటి మొప్పలూ, తెల్లటి ముళ్ళూ ఉండే అసలైన "ఫైర్ వార్మ్". కరీబియన్‌లో, అట్లాంటిక్‌లో, మధ్యధరాలో ఉంటుంది. ఇది నిజంగానే పగడాల్ని తింటుంది, కొమ్మని నోట్లో పెట్టుకుని మాంసమంతా చప్పరించి తెల్లటి ఎముక వదిలేస్తుంది. ఒకే ఏడాది, ఒకే మనిషి పేరుపెట్టిన ఇద్దరిలో ఒకడు పాకీపని చేసేవాడు, ఒకడు నిజమైన దొంగ. మన హాబీ ఇద్దర్నీ ఒకే లాకప్‌లో వేసింది. ఇంకో తమాషా, యూరితో కాంప్లనాటా అని ప్రపంచమంతా పిలుస్తున్నది ఒక జాతి కాదనీ, కనీసం మూడు జాతులు ఒకే పేరు కింద దాక్కున్నాయనీ 2010లో జన్యు పరిశోధన తేల్చింది. ఒకే వేరియబుల్ పేరుతో మూడు వేర్వేరు ఆబ్జెక్టులన్నమాట.

మూడో రకం ఇంకా ఘోరం. 2009లో ఇంగ్లండ్‌లోని న్యూక్వే పట్టణంలో ఒక పబ్లిక్ అక్వేరియంలో రాత్రికి రాత్రి కోరల్స్ ముక్కలవుతున్నాయి, చేపలకి గాయాలవుతున్నాయి. ఎర పెట్టారు, లాభం లేకపోయింది. చివరికి రీఫ్ మొత్తం విప్పి చూస్తే నాలుగడుగుల పురుగు బయటపడింది. దానికి "బ్యారీ" అని పేరు పెట్టి వేరే తొట్టెలో ఉంచారు. ఇది యూనిసిడ్ జాతి. తల మీద అయిదు మీసాలు, లోపల కత్తెరలాంటి దవడలు. ఇలాంటిది చిన్నప్పుడు రాయిలో దూరి వచ్చిందంటే మాత్రం దయాదాక్షిణ్యాలు అక్కర్లేదు.

విషం సంగతి కూడా చెప్పాలి. ఫైర్ వార్మ్ కుటుంబం ముళ్ళు సున్నంతో చేసినవి, గాజుపీచులా విరిగి వేళ్ళలో దిగుతాయి. మంట, వాపు, దురద రోజుల తరబడి ఉంటాయి. గొంగళిపురుగు పాకితే ఎలా ఉంటుందో తెలుసుగా, దానికి పెద్దన్న. వాపు తెప్పించే కాంప్లనైన్ అనే పదార్థాన్ని యూరితో నుంచి జపాన్ శాస్త్రవేత్తలు 2008లో వేరుచేశారు.

ఈ పాలీకీట్ల విషానికి మన వరిచేలతో సంబంధముందంటే నమ్ముతారా? జపాన్ జాలర్లు ఎరగా వాడే ఒక సముద్రపు పురుగు మీద వాలిన ఈగలు చచ్చిపోవడం గమనించారు. 1934లో నిట్టా అనే శాస్త్రవేత్త అందులోంచి నెరిస్‌టాక్సిన్ అనే విషాన్ని వేరుచేశాడు. ఇది మన ట్యాంకు పురుగు కాదు, దాని దూరపు చుట్టం. ఆ విషం నమూనా మీద తయారైన పురుగుమందు 1967లో జపాన్ మార్కెట్లోకి వచ్చింది. దాని పేరు కార్టాప్. మీ నాన్నగారు వరి పండించి ఉంటే అడిగి చూడండి, కాండం తొలిచే పురుగుకి కార్టాప్ హైడ్రోక్లోరైడ్ గుళికలు తెలియని రైతు అరుదు. పురుగు ఇచ్చిన మందుతో పురుగుని చంపి మనం అన్నం తిన్నాం. ఇంకో చివర మన కోస్తాలో రొయ్యపిల్లల హేచరీలు. అక్కడ తల్లి రొయ్య బాగా గుడ్లు పెట్టాలంటే పాలీకీట్లని మేతగా వేస్తారు. అవే పురుగులు తెల్లమచ్చ వైరస్‌ని మోసుకురాగలవని మన శాస్త్రవేత్తలే చూపించారు. వరం, శాపం ఒకే పురుగులో. "మంచిదా చెడ్డదా" అన్న ప్రశ్నే తప్పు. ఏది, ఎక్కడ, ఎంత అన్నవి అడగాలి.

ఇంకో రెండు కేసులు చెప్పి చరిత్ర ముగిస్తా. మధ్యధరాలో ఒక పగడం ఏటా వేసవిలో తెల్లబడిపోయేది. దానికి కారణమైన విబ్రియో బాక్టీరియా చలికాలమంతా ఫైర్ వార్మ్ ఒంట్లో దాక్కుని, వేసవిలో దాని ద్వారా మళ్ళీ పగడానికి అంటుకుంటోందని ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు 2003లో నిరూపించారు. పక్కా సాక్ష్యం. కానీ మరో మూడేళ్ళు తిరిగేసరికి, ఆ పగడం ఆ బాక్టీరియాని తట్టుకోవడం నేర్చుకుందని అదే బృందం మళ్ళీ రాసింది. తమ సొంత కేసుని తామే తిరగదోడారు, నాకు అది భలే నచ్చింది. రెండోది 1984 నాటిది. పగడపు దిబ్బల్ని నమిలేసే ముళ్ళ నక్షత్రచేప ఉంది కదా, దానికి గాయమైతే అందులోంచి లోపలికి దూరి దాన్నే తినేసే ఒక బ్రిసిల్ వార్మ్‌ని పసిఫిక్‌లో పీటర్ గ్లిన్ నమోదు చేశాడు. అంటే పగడాన్ని తినే పురుగూ ఉంది, పగడాన్ని తినేవాడిని తినే పురుగూ ఉంది. రెండూ ఒకే కుటుంబం.

*

ఇప్పటి పరిస్థితి చూస్తే నవ్వూ ఏడుపూ కలిసి వస్తాయి. సముద్రంలోంచి లైవ్ రాక్ తవ్వడం తప్పని దేశాలు ఒక్కొక్కటే గుర్తించాయి. ఫ్లోరిడా తీరంలో 1997 నాటికి ఆపేశారు. 2017 చివర్లో ఫిజీ ఎగుమతులు నిలిపేసింది. చెయ్యాల్సిన పనే. దాంతో చాలామంది ఎండు రాయితో, ఫ్యాక్టరీ రాయితో ట్యాంకులు మొదలుపెట్టారు. "పురుగుల్లేని, శుభ్రమైన ప్రారంభం" అని మురిసిపోయారు. ఆ ట్యాంకులు నెలల తరబడి గోధుమరంగు జిగురు, నాచు పట్టి ఏడిపించాయి, చెత్త రాళ్ళలో పేరుకుపోయింది. ఇప్పుడు ఏం చేస్తున్నారో తెలుసా? బ్రిసిల్ వార్ములని డబ్బులిచ్చి కొనుక్కుంటున్నారు! నేను 2008లో చంపి టాయిలెట్లో వేసినవాటిని ఇప్పుడు "క్లీనప్ క్రూ" అని పేరుపెట్టి ప్యాకెట్లలో అమ్ముతున్నారు.

శనివారం పొద్దున మా తమ్ముడికి చెప్పింది ఇది.

రాళ్ళు మరిగించొద్దు. ఇది పురుగు కోసం కాదు, నీ కోసం. రాయి మీద జోయాంథిడ్ అనే బొత్తాల్లాంటి జీవాలుంటే వాటిలో పాలిటాక్సిన్ ఉండొచ్చు, ఆవిరితో అది ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలవుతారు. అలా అయినవాళ్ళున్నారు.

ముందు గుర్తుపట్టు. రాత్రి ఎర్ర లైటు వేసి ఫొటో తియ్యి. సన్నగా గులాబీ, బూడిద రంగులో, పక్కల చిన్న తెల్ల కుచ్చులుంటే పనివాడు. లావుగా, గుబురుగా ఎర్రటి మొప్పలుంటే ఫైర్ వార్మ్ కావచ్చు. మెరిసే ఒళ్ళు, తల మీద అయిదు మీసాలుంటే బ్యారీ చుట్టం. చివరి రెంటినీ రాయితో సహా తీసి వేరే బకెట్లో పెట్టు.

పనివాళ్ళు మరీ ఎక్కువైతే మేత తగ్గించు. అప్పటికీ కావాలంటే గొట్టంలో రొయ్యముక్క పెట్టి రాత్రి వదిలి పొద్దున కాసిని తీసెయ్. మందు మాత్రం వెయ్యకు. అన్నీ ఒక్కసారి చస్తే ఆ శవాలన్నీ అమ్మోనియాయే.

చేతికి గ్లోవ్స్ లేకుండా రాయి పట్టుకోకు. ముళ్ళు గుచ్చుకుంటే రుద్దొద్దు, టేపు అంటించి పీకు. ఊపిరి ఆడకపోయినా, వాపు పాకినా డాక్టరు దగ్గరికి పరిగెత్తు.

వాడిది హైదరాబాదు కాబట్టి ఇంకొకటి కూడా చెప్పాను. మన తీరాల్లోని రీఫ్ కట్టే పగడాలకి 2001 నుంచీ వన్యప్రాణి చట్టం కింద పులికిచ్చే రక్షణే ఉంది. "రామేశ్వరం రాయి" అంటూ ఎవడైనా చవగ్గా అమ్మితే కొనకు. విక్టోరియా కాలంలో ఇంగ్లండ్ తీరానికి జరిగింది మన తీరానికి జరక్కూడదు.

అంతా విని వాడు "అయితే వీటిని ఉంచెయ్యమంటావా అన్నా?" అన్నాడు. రోజుకి ఎన్నిసార్లు మేత వేస్తున్నావురా అని అడిగాను. కాసేపు నసిగి, "మూడుసార్లు... మా అమ్మ చూడకుండా ఇంకోసారి వేస్తుందేమో" అన్నాడు. దొరికింది రూట్ కాజ్! అమ్మలున్న ఇంట్లో పురుగు కూడా పస్తుండదు.

పదహారేళ్ళ పైబడ్డ మాట, ఆ ట్యాంకు ఎప్పుడో అమ్మేశాను. అప్పుడు చేపలేవని అడిగిన మా అమ్మాయి ఇప్పుడు కాలేజీలో ఉంది. ఆ సంగతి దానికి గుర్తే లేదట. నాకు మాత్రం ఆఫీసులో ఎవరైనా పాత కోడ్ చూపించి "ఇదేంటో తెలీట్లేదు, చూడ్డానికి అసహ్యంగా ఉంది, తీసేద్దాం" అన్నప్పుడల్లా ఆ తెల్లటి నీళ్ళే కళ్ళముందు కనబడతాయి. తీసెయ్యొద్దని కాదు. అదేం పని చేస్తోందో, దాని మీద ఎవరు బతుకుతున్నారో తెలుసుకుని తీసెయ్యండి అంటున్నా.

మీ తొట్టెల్లో, మీ కోడ్‌లో, మీ ఊళ్ళో ఇలా పనికిమాలినవని తీసేసి తర్వాత తలపట్టుకున్నవి ఏమైనా ఉన్నాయా? ఉంటే చెప్పండి.